మా 98 బ్యాచ్‌లో ఏడుగురు దొరకడం లేదు, సరిహద్దు ఊళ్లవాళ్లు కాస్త చూడండి

జిరాక్స్_కొట్టు (పర్లాకిమిడి) · శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో నాకు చిన్న జిరాక్స్ కొట్టు ఉంది. 1995లో మా ఎస్.కె.సి.జి. కాలేజీలో బీఎస్సీలో చేరి 98లో బయటపడ్డాం. మొత్తం నలభై ఎనిమిది మందిమి. సగం మంది తెలుగు ఇళ్లవాళ్లు, మిగతావాళ్లు ఒడియావాళ్లు, ఇద్దరు సవర కుర్రాళ్లు.

అందరూ ఊరు వదిలి వెళ్లారు, నేను ఉండిపోయాను. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినవాడికి ఏదో ఒక కాగితం అవసరం పడుతుంది. భూమి పత్రాలో, పిల్లాడి సర్టిఫికెట్టో పట్టుకుని నా కొట్టుకి రాక తప్పదు. కాగితం మెషీన్లో ఉండగానే నేను అడిగేస్తాను. ఎక్కడున్నావురా, ఏం చేస్తున్నావు, పెళ్లయిందా, పిల్లలెందరు? వాడు వెళ్లాక డైరీలో రాసుకుంటాను. స్కేలు పెట్టి ఐదు గడులు గీశాను: పేరు, ఊరు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. 98 నుంచి ఇప్పటికి మూడో డైరీ నడుస్తోంది.

లెక్క ఇది. ముప్పై ఏడుగురి ఆచూకీ ఉంది. నలుగురు పోయారు. ఏడుగురి దగ్గర ఊరి గడితో సహా అన్నీ ఖాళీ. డిసెంబరు చివరి ఆదివారం అందరం కలుద్దామని అనుకుంటున్నాం. అప్పటికి ఈ ఏడుగురిని పట్టుకోవాలి. గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, ఇచ్ఛాపురం వైపు వాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కదా. ఎలా వెతకాలో చెప్పండి. పేర్లు కింద రాస్తున్నాను.

[పేర్లు తొలగించబడ్డాయి]

నిర్వాహకుడు · శుక్రవారం, రాత్రి 9:40

పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు బయట పెట్టొద్దు. ఎవరికైనా ఆచూకీ తెలిస్తే విడిగా సందేశం పంపండి. చర్చ కొనసాగించవచ్చు.

బరంపురం_పిన్ని · శుక్రవారం, రాత్రి 10:05

బాబూ, నీ డైరీ సంగతి చదివి నాకు మా ఇంటి అటక మీదున్న శుభలేఖల కట్ట గుర్తొచ్చింది. నాది ఖల్లికోట కాలేజీ, వి.వి.గిరి గారు చదువుకున్న కాలేజీ. (ఈ ముక్క చెప్పకుండా బరంపురంలో ఎవరం ఊరుకోం, ఏమీ అనుకోకు.) మా రోజుల్లో ఫోన్లెక్కడివి? స్నేహితురాలికి ఏం ఉద్యోగం వచ్చిందో, మొగుడేం చేస్తాడో శుభలేఖే చెప్పేది. వరుడి పేరు పక్కన బ్రాకెట్లో డిగ్రీ, దాని కింద ఆఫీసు పేరు. బ్రాకెట్ లేకపోతే సొంత వ్యాపారమని అర్థం చేసుకునేవాళ్లం. తరవాత రెండేళ్లకి బారసాల పిలుపు. ఆ తరవాత గృహప్రవేశం. ఆపైన పదిహేనేళ్లు ఏ కబురూ ఉండదు. ఇప్పుడు రెండో కట్ట మొదలైంది, వాళ్ల పిల్లల పెళ్లిళ్లు.

నువ్వు వెతికే ఆడపిల్లల్ని కాలేజీ రిజిస్టరులో ఉన్న పేరుతో వెతక్కు. దొరకరు.

రాయగడ_రెండో_వీధి · శుక్రవారం, రాత్రి 11:31

పిన్ని చెప్పింది నిజం. కానీ మగవాళ్లదీ అదే గొడవ. మా నాన్న బ్యాచ్‌వాళ్లని నేనే ఫేస్‌బుక్‌లో వెతికిపెట్టాను కాబట్టి చెప్తున్నాను.

ఒకటి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశాలో వెనక రాస్తారు. స్కూల్లో చేర్చుకునేటప్పుడు మాస్టారు పేరు చివరి ముక్కనే ఇంటిపేరు అనుకుని రాసేస్తాడు. అలా ‘రావు’ చాలామందికి ఇంటిపేరైపోయింది. మా నాన్న క్లాసులో ఏ చుట్టరికమూ లేని తొమ్మిదిమంది రావులు ఒకే వంశంవాళ్లలా ఉండేవారట. అసలు ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది.

రెండోది ముఖ్యం. మన ‘వ’ని ఒడియాలో ‘భ’తో రాయడం చాలా చోట్ల ఉంది. దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చినప్పుడు వెంకట్ కాస్తా భెంకట్ అవుతాడు. వెంకటేశ్ అని ఎన్నిసార్లు కొట్టినా దొరకడు. భెంకటేశ్ అని, బెంకట్ అని వెతకండి. ఊరి పేరుకీ అంతే. బరంపురం అంటే ఒక లిస్టు, బెర్హంపూర్ అంటే ఒకటి, బ్రహ్మపుర్ అంటే ఇంకొకటి వస్తుంది.

జిరాక్స్_కొట్టు · శనివారం, ఉదయం 6:50

రాయగడ బాబూ, నీ నోట్లో చక్కెర పొయ్య. ఏడుగురిలో ఒకడి పేరులో ‘వెం’ ఉంది. పదేళ్లుగా ‘వి’తోనే వెతుకుతున్నాను. ఇప్పుడు ‘భ’తో కొడితే సునాబెడాలో ఒకడు కనిపిస్తున్నాడు. ఫొటోలో ఉన్నది మనిషి కాదు, వినాయకుడు. సునాబెడా వైపు ఎవరైనా ఉన్నారా?

కొరాపుట్_చలి · శనివారం, ఉదయం 8:15

నేనున్నాను. సునాబెడా అంటే మాకు హెచ్‌ఏఎల్ టౌన్‌షిప్పే కదా. మిగ్ విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ. తెలుగువాళ్లు బోలెడుమంది. పేరు విడిగా పంపండి, మా నాన్నని అడుగుతాను. క్వార్టర్లలో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా ఆయనకి తెలుసు.

నౌపడా_జంక్షన్ · శనివారం, ఉదయం 10:22

నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. 95–98 అంటే మన చిన్న రైలు రోజులు. నౌపడాలో మొదలై టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, అక్కణ్నించి కాశీనగర్, గుణుపురం. తొంభై కిలోమీటర్ల దారి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1931కి గుణుపురం చేరింది. 2004లో చిన్న లైను ఆపేశారు, 2010లో పర్లాకిమిడికి పెద్ద రైలు వచ్చింది, మరుసటేడు గుణుపురానికి.

ఆ బండిలో మీ కాలేజీ పిల్లలకి ఓ పెట్టె ఉండేది. రాసిపెట్టి కాదు, అలవాటుగా. టిక్కెట్టు అడిగితే పాస్ చూపించేవారు, పాస్ లేనివాడు పాట పాడేవాడు. బండి ఎంత నెమ్మదంటే దిగి పక్క చేలో జామకాయ కోసుకుని మళ్లీ ఎక్కేవారు. (ఇది కొంచెం పెంచి చెప్తున్నాను. కొంచెమే.)

ఎందుకు చెప్పానంటే, ఎవడు ఏ స్టేషన్లో ఎక్కేవాడో గుర్తు చేసుకోండి. ఆ ఊళ్లో టీకొట్టు దగ్గర అడిగితే ఫేస్‌బుక్‌కన్నా ముందు తెలుస్తుంది. టెక్కలి, టెంబూరు వైపు నేను అడుగుతాను.

పాతపట్నం_బావు · శనివారం, మధ్యాహ్నం 1:40

ఒరేయ్ జిరాక్స్, నేనురా. పాతపట్నంలో ఎక్కి తరవాతి స్టేషన్లోనే దిగిపోయేవాణ్ని. డైరీలో నా ఉద్యోగం గడిలో ఏం రాశావో నాకు తెలుసు. ‘ఎరువుల కొట్టు’. అంతేనా?

ఇక్కడివాళ్లకి ఓ సంగతి చెప్పాలి. మాకు పర్లాకిమిడి పక్క రాష్ట్రం కాదు, పక్క వీధి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గీత పడింది కానీ మా ఇళ్లలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మా నాన్న నన్ను ఆరో తరగతి నుంచీ పర్లాకిమిడిలోనే చదివించాడు. సైకిలు మీద వెళ్లి వచ్చేవాణ్ని. డిగ్రీ అయ్యాక ఆంధ్రాలో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే నాన్‌లోకల్ అన్నారు. పుట్టింది పాతపట్నం, ఓటు పాతపట్నం, రేషన్ కార్డు పాతపట్నం. అయినా 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో స్థానికుడు అంటే ముందు చూసేది చదువు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావో అక్కడివాడివి. నేను చదివింది ఏటికి అవతల. పోనీ ఒడిశాలో ప్రయత్నిద్దామంటే అక్కడ నివాస పత్రం అడిగారు. రెండు చోట్లా పరాయివాణ్నే.

మా బ్యాచ్‌లో ఇలా దెబ్బతిన్నవాళ్లం నలుగురం. ఒకడు విశాఖ వెళ్లి ప్రైవేటు కంపెనీలో స్థిరపడ్డాడు. ఒకడు హైదరాబాదులో. మూడోవాడి సంగతి నాకూ తెలియదు, నీ ఏడుగురిలో వాడొకడని నా అనుమానం. నాకు ఎరువుల కొట్టు. ఇప్పుడు బాధేమీ లేదు. కొట్టు బాగానే నడుస్తోంది. కానీ ‘ఉద్యోగం’ అనే గడి చూస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జిరాక్స్_కొట్టు · శనివారం, మధ్యాహ్నం 2:05

‘వ్యాపారం (ఎరువులు)’ అని రాశాను రా. బ్రాకెట్ కూడా పెట్టాను.

సూరత్_మిల్లు · శనివారం, రాత్రి 2:48

నాది గంజాం జిల్లా, బరంపురం దగ్గర పల్లె. మీ బ్యాచ్ కాదు. ఇంటర్‌తో ఆపేసి సూరత్ వచ్చేశాను, పవర్‌లూమ్‌లో. మా వైపు ఇంటికొకడు సూరత్‌లో ఉంటాడు. పన్నెండు గంటల షిఫ్టు. మెస్సు గదిలో పగలు పడుకునేవాడు లేచి డ్యూటీకి వెళితే రాత్రి డ్యూటీ దిగినవాడు అదే చాప మీద పడుకుంటాడు.

మా కాలేజీవాళ్లు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందరూ తమ గురించి రాయాలన్నారు. ఒకడు డాక్టరు, ఒకడు బ్యాంకు మేనేజరు, ఒకమ్మాయి అమెరికాలో. ప్రతిదానికీ పూలగుత్తులు, చప్పట్లు. నేను షిఫ్టు మధ్యలో ‘సూరత్, లూమ్ ఆపరేటర్, ఇద్దరు పిల్లలు’ అని పెట్టాను. ఒక్కడు బొటనవేలు చూపించాడు. వాడు కూడా తప్పు నొక్కాడేమో తెలియదు. వారానికి గ్రూపులోంచి దిగిపోయాను. దిగినట్టు ఎవరూ గమనించలేదు.

2020 మే నెలలో శ్రామిక్ రైల్లో ఊరికొచ్చి బళ్లో క్వారంటైన్‌లో పడుకున్నప్పుడు మాత్రం ఒకడు వచ్చాడు. ఇంటర్‌లో నా పక్కన కూర్చునేవాడు, అదే ఊళ్లో పంచాయతీ పని చూస్తున్నాడు. గోడ బయట నుంచుని గట్టిగా పిలిచి, చారూ అన్నం క్యారేజీ గేటు దగ్గర పెట్టాడు. నాకేం ఉద్యోగమని అడగలేదు. కారం సరిపోయిందా అని అడిగాడు.

మీ ఏడుగురిలో ఎంతమంది దొరకనివాళ్లో, ఎంతమంది దాక్కున్నవాళ్లో ఒకసారి చూసుకోండి.

రాయగడ_రెండో_వీధి · శనివారం, ఉదయం 9:10

అన్నా, ఇది చదివాక ఏం రాయాలో తెలియడం లేదు.

నౌపడా_జంక్షన్ · ఆదివారం, ఉదయం 9:14

బాబూ, ఇవాళ ఆదివారం. మీ టైము శనివారం అని చూపిస్తోంది. ఫోనులో తేదీ సరిచేసుకోండి.

కాశీనగర్_కోడలు · ఆదివారం, ఉదయం 11:30

జిరాక్స్, నేనెవరో నీకు తెలుసు. మొదటి బెంచి, కెమిస్ట్రీ ల్యాబులో నీ చొక్కా మీద యాసిడ్ పోసినదాన్ని.

నాకు పెళ్లయి ఇరవైమూడేళ్లు. పిల్లలు లేరు. బరంపురం, విశాఖ, భువనేశ్వర్ అన్ని ఆసుపత్రులూ తిరిగి ఆపేశాం. ఆపేసి కూడా పన్నెండేళ్లయింది, ఇప్పుడు దాని గురించి ఏడుపు లేదు. కానీ ఏ పెళ్లికి వెళ్లినా పాత క్లాసు పిల్ల ఎదురుపడి అడిగే రెండో మాట అదే. మొదటి మాట ‘లావయ్యావే’. ఒకావిడైతే నా జవాబు విని తన పిల్లల ఫొటోలు చూపించబోయి ఫోను లోపల పెట్టేసుకుంది. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఫొటోలు చూపిస్తే చూసేదాన్ని కదా.

నీ డైరీలో నా పేరు ఎదురుగా ఆఖరి గడిలో ఏం రాశావు? నిజం చెప్పు.

జిరాక్స్_కొట్టు · ఆదివారం, సాయంత్రం 4:55

గీత పెట్టాను.

తెలియకపోతే ఖాళీ వదిలేస్తాను. లేరు అంటే చిన్న అడ్డగీత. నీది, ఇంకో ముగ్గురిదీ అలాగే ఉన్నాయి. పెళ్లి కానివాళ్లు ఇద్దరికి రెండేసి గీతలున్నాయి. పొద్దుట నుంచి డైరీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గీతలు గీసినప్పుడు ఏమీ అనిపించలేదు. లెక్క సరిపోవాలి అనుకున్నానంతే.

కాశీనగర్_కోడలు · ఆదివారం, సాయంత్రం 5:20

ఉద్యోగం గడిలో?

జిరాక్స్_కొట్టు · ఆదివారం, సాయంత్రం 5:24

గృహిణి.

కాశీనగర్_కోడలు · ఆదివారం, సాయంత్రం 5:41

పద్నాలుగేళ్లుగా మా వరండాలో పిల్లలకి లెక్కలు, సైన్సు చెప్తున్నాను. పొద్దుట ఒక బ్యాచ్, సాయంత్రం రెండు. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ మీది ఊళ్ల నుంచి హాస్టల్లో ఉండి చదివే సవర పిల్లలు. నా దగ్గర చదివినవాళ్లు నర్సులయ్యారు, టీచర్లయ్యారు, ఒకడు రైల్వే లోకో పైలట్. మొన్న ఒకమ్మాయి పురిటికి వచ్చి బిడ్డని ముందు నా ఒళ్లో పెట్టింది.

గృహిణి అంట. కొట్టెయ్.

పాతపట్నం_బావు · ఆదివారం, సాయంత్రం 5:50

ఓలమ్మో. యాసిడ్ మళ్లీ పడింది.

బరంపురం_పిన్ని · ఆదివారం, రాత్రి 8:30

కోడలమ్మా, నువ్వు అడిగినట్టు అడగాలని ఎన్నోసార్లు అనుకుని అడగలేకపోయాను. నేను పెళ్లి చేసుకోలేదు. ఇన్నేళ్లూ శుభలేఖలు దాచుకున్నాను కానీ నా పేరుతో ఒక్కటీ అచ్చు కాలేదు. బళ్లో పెద్ద టీచరుగా రిటైరయ్యాను. ఆ రోజు సన్మానపత్రం అచ్చువేశారు. దాన్ని కూడా ఆ కట్టలోనే పెట్టాను, ఎందుకు పెట్టకూడదు?

ఇచ్ఛాపురం_జీడిపప్పు · ఆదివారం, రాత్రి 10:12

అందరూ అతన్ని ఒక్కణ్నే వాయిస్తున్నారు. ఇంకో వైపు కూడా చూడండి. పెళ్లిళ్లు, పిల్లల లెక్క ఎవరూ రాసుకోకపోతే మన సరిహద్దువాళ్లం ఒకరికొకరం మిగలం. నా క్లాసువాళ్లలో సగంమందికి ఇప్పుడు నా భాష రాదు. వాళ్ల పిల్లలకి అసలే రాదు. ఎవరో ఒకరు రాయాలి.

జిరాక్స్_కొట్టు · సోమవారం, ఉదయం 7:05

వాయించనీండి, తప్పులేదు. కానీ డైరీ ఎందుకు పనికొచ్చిందో ఒక్కసారి చెప్పుకుంటాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మాకు గాలిదెబ్బ ఒకటైతే కొండల్లో వాన ఇంకొకటి. మా గజపతి జిల్లాలో చరియలు విరిగిపడి ఊళ్లు ఊళ్లే ఏడ్చాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. దూరాన ఉన్నవాళ్లందరికీ ఒకటే టెన్షన్, అమ్మానాన్నలు ఏమయ్యారో అని. మా వాళ్లు పద్నాలుగుమంది తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు. ‘ఊరు’ గడిలో నేను రెండు ఊళ్లు రాస్తాను, ఉంటున్నదీ, పుట్టినదీ. డైరీ సంచిలో పెట్టుకుని పాతపట్నం బావు బండి వెనక ఎక్కాను. పడ్డ చెట్ల మీదుగా బండి ఎత్తి దాటించాం. మూడు రోజులు తిరిగాం. సిగ్నల్ దొరికిన చోట ఒక్కొక్కడికీ ఫోను చేసి, ‘మీ అమ్మ బాగుంది, పెంకులు పోయాయి’ అని చెప్పాం. ఒక్క ఇంట్లో మాత్రం అలా చెప్పలేకపోయాం.

అప్పుడే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిజంగా గ్రూపు అయింది. అంతకుముందు గుడ్ మార్నింగులు, గులాబీ పూలూ ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయనుకోండి. గ్రూపులో భాష చూస్తే మీకు నవ్వొస్తుంది. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు మాది. మా వాళ్లు మాత్రం తెలుగుని ఒడియా అక్షరాల్లో రాస్తారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు చదవడం మా సగంమందికి రాదు. నేను కొట్టులో బోర్డు రాయాల్సొచ్చి నేర్చుకున్నాను. కొందరు రాయడం ఎందుకని మాటలే రికార్డు చేసి పంపేస్తారు. గుణుపురంవాడి మెసేజ్ వింటే వెనకాల మేకలు కూడా వినిపిస్తాయి.

కోడలమ్మా, ‘గృహిణి’ కొట్టేశాను. ‘లెక్కల మేష్టారు, కాశీనగర్’ అని రాశాను.

కొరాపుట్_చలి · సోమవారం, ఉదయం 9:20

దొరికాడు! వినాయకుడి ఫొటో మనిషి మీవాడే. నాన్న నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లి టీ తాగి వచ్చాడు. ‘జిరాక్స్‌గాడు నాకు పదకొండు రూపాయలు బాకీ’ అన్నాడట. నంబరు విడిగా పంపాను.

జిరాక్స్_కొట్టు · సోమవారం, ఉదయం 9:31

పది రూపాయలే. వడ్డీ వేశాడు.

బరంపురం_పిన్ని · సోమవారం, మధ్యాహ్నం 12:15

నాకు పంపిన పేర్లలో ఒకమ్మాయి రెండో ఏడాదిలోనే చదువు మానేసి మేనమామని చేసుకుందన్నావు. మన ఇళ్లలో అది మామూలు. ఒడియా స్నేహితురాళ్లకి మాత్రం మేనరికం అంటే మామయ్యతో పెళ్లేమిటని గుండె ఆగినంత పని. ఆ అమ్మాయి వాళ్లకి మొహం చూపించలేక అందరితో మాట మానేసి ఉంటుందని నాకు అనిపించింది. అందుకని కాలేజీవాళ్లని కాక చుట్టాల్ని అడిగాను. ఇచ్ఛాపురంలో ఉంది. మొగుడు, అదే మామయ్య, నాలుగేళ్ల కిందట పోయాడు. కొడుకు బెంగళూరులో పని చేస్తున్నాడు. మీరు వెతుకుతున్నారంటే మొదట నమ్మలేదట. ‘నేను డిగ్రీ పూర్తి చెయ్యలేదు కదా, నన్ను కూడా బ్యాచ్ అంటారా’ అని అడిగిందట.

పెళ్లిళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముచ్చట. నా స్నేహితురాలి కూతురు పోయినేడు ఒడియా అబ్బాయిని చేసుకుంది. అంతా కుదిరింది. ఒడియా వైపువాళ్లు పంపిన తిథుల కాగితంలో ‘ఆషాఢ కృష్ణపక్షం’ అని ఉంది. అమ్మమ్మ గారు మంచం దిగలేదు, ఆషాఢంలో పెళ్లేమిటని. అసలు సంగతేమిటంటే మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకి పున్నమితో. వాళ్ల ఆషాఢ కృష్ణపక్షమే మన జ్యేష్ఠ బహుళం. రోజు అదే, చంద్రుడు అదే. రెండు పంచాంగాలూ పక్కపక్కన పెట్టి ఆవిడకి చూపిస్తే అప్పుడు లేచి కాఫీ అడిగింది.

నౌపడా_జంక్షన్ · సోమవారం, రాత్రి 7:45

జిరాక్స్ బాబూ, మీకు విడిగా ఒక సందేశం పంపాను. చూడండి.

జిరాక్స్_కొట్టు · సోమవారం, రాత్రి 9:58

చూశాను సార్. సరే.

అందరికీ: ఇద్దరు దొరికారు. మిగిలింది ఐదుగురు. అందులో ఒకరిని వెతకడం ఆపేస్తున్నాను. నలుగురు అనుకోండి.

పాతపట్నం_బావు · సోమవారం, రాత్రి 10:02

ఎవర్రా? ఏమైంది? పోయాడా?

జిరాక్స్_కొట్టు · సోమవారం, రాత్రి 10:10

బాగానే ఉన్నారు. అంతే.

పాతపట్నం_బావు · సోమవారం, రాత్రి 10:11

వాడేనా? నాన్‌లోకల్ మూడోవాడు?

జిరాక్స్_కొట్టు · సోమవారం, రాత్రి 10:19

వాడో, ఆమో కూడా చెప్పను. రేపు కొట్టుకొచ్చి అడిగినా చెప్పను. డైరీ కూడా ఇంట్లో పెట్టాను.

కాశీనగర్_కోడలు · మంగళవారం, ఉదయం 6:30

మంచి పని చేశావు.

డిసెంబరు గురించి ఒక మాట. మొగుళ్లూ పెళ్లాలూ పిల్లలూ వద్దు. మనమే వద్దాం. స్టేజీ వద్దు, మైకు వద్దు, ఒక్కొక్కరూ లేచి పరిచయం చేసుకోవడం అసలు వద్దు. ఎవరికి ఏం చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు.

గుణుపురం_మేకలు · మంగళవారం, ఉదయం 8:02

మేకలవాణ్ని నేనే. (తెలుగులో మా అబ్బాయి టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.) మా ఆవిడ అప్పుడే చీర కూడా కొనేసుకుంది. రావొద్దంటే ఆ మాట నువ్వే చెప్పు.

కాశీనగర్_కోడలు · మంగళవారం, ఉదయం 8:20

చీర కొనుక్కుంటే రమ్మను. ఆమె ఒక్కతే మినహాయింపు.

పాతపట్నం_బావు · మంగళవారం, ఉదయం 8:33

మా ఆవిడ కూడా ఇప్పుడే కొంటానంటోంది.

సూరత్_మిల్లు · మంగళవారం, రాత్రి 3:15

నవ్వొచ్చింది. డిసెంబరులో నేనూ ఊరొస్తున్నాను. మీ బ్యాచ్ కాదనుకోండి. అటు వస్తే కొట్టు దగ్గర ఆగుతాను.

జిరాక్స్_కొట్టు · బుధవారం, ఉదయం 7:10

తప్పకుండా రండి. గడులేమీ లేవు, నాలుగో డైరీ తెల్లకాగితాలదే కొన్నాను. మనిషికో పేజీ.

ఇక పని మాటలు. ఇప్పటికి వస్తామన్నది ఇరవైఆరుగురు, చీరలు కలిపితే ఇరవైఎనిమిది. ఇచ్ఛాపురం ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది, పిన్నీ మీరే తీసుకొచ్చేయండి, మీకూ కలిపే చెప్తున్నాను. విశాఖ నుంచి వచ్చేవాళ్లు గుణుపురం ప్యాసింజరుకి రండి, స్టేషన్ దగ్గర బావు ఉంటాడు. పొద్దుట ఉప్మా, పెసరట్టు. మధ్యాహ్నానికి అన్నం, పప్పు, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), వంకాయ కూర. దాల్మా ఉంటే పప్పెందుకని సునాబెడావాడు అప్పుడే గొడవ మొదలుపెట్టాడు. పప్పు తీసెయ్యమనేవాళ్లు ఎవరైనా ఉంటే శుక్రవారంలోగా చెప్పండి, వంటాయనకి అడ్వాన్సు ఇవ్వాలి.